నల్లటేపు కింద

పోయిన నెల ఒక ఆదివారం మా అన్నయ్య గూడూరు నుంచి చెన్నైలో మా ఇంటికి వచ్చాడు. భోజనాలయ్యాక హాల్లో చాప వేసుకుని, టేబుల్ ఫ్యాను దగ్గరకు లాక్కుందామని చూస్తే దాని వైరు ఒకచోట చిట్లి లోపలి తీగలు కనబడుతున్నాయి. "టేపు యాడుంది మే?" అన్నాడు. లేదన్నాను. నమ్మలేదు. టీవీ కింద సొరుగు, వంటింటి అలమర, కుట్టుమిషను పెట్టె అన్నీ తనే వెతికాడు. ఆఖరికి నా వైపు తిరిగి, "సంసారం చేసే ఇంట్లో ఒక చుట్ట టేపు లేకపోవటం ఏంది?" అన్నాడు.

నేను ఫ్యాను ప్లగ్గు తీసేసి గోడవారకు జరిపాను. రేపు వైరు మార్పిస్తానన్నాను. దాంతో వాదన మొదలైంది. బెత్తెడు టేపుతో పోయేదానికి మూడొందలు తగలేస్తావా అని తను, నువ్వు చుట్టేసి బండెక్కుతావు, రేపు దాన్ని తాకేది మేము అని నేను. కాఫీ దాకా సాగింది. సెంట్రల్ స్టేషన్‌లో దింపడానికి వెళ్ళినప్పుడు కూడా, "మా తోటలో జాయింట్లన్నీ టేపువే. ముప్పై ఏళ్ళాయె. ఎవరికేమైంది చెప్పు?" అన్నాడు. నాకు జవాబు రాలేదు.

రాకపోవడానికి రెండు కారణాలు. నిమ్మతోటలో బోరు మోటార్లు తన చేతుల్తో దించి ఎత్తిన మనిషికి కరెంటు గురించి నేనేం చెప్తానన్న మొహమాటం ఒకటి. ఈ విషయం నాలో నేనే పూర్తిగా తేల్చుకోకపోవడం రెండోది. మా ఇంట్లో టేపు లేకుండా పోవడానికి ఒక సంఘటన కారణం. ఆ భయంతోనే టేపును పారేశాను తప్ప, కూర్చుని ఆలోచించి కాదు. ఈ నెల రోజులూ ఆలోచించాను. అన్నయ్యకు స్టేషన్లో చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

గ్రైండరు వైరు

నాలుగేళ్ళ కిందటి మాట. పెరంబూరులో మా ఫ్లాటు పాతది. వంటింటి వెనక గిన్నెలు తోముకునే చిన్న జాగా ఉంటుంది. శనివారం శనివారం ఇడ్లీ పిండి రుబ్బేది అక్కడే. ఒకసారి గ్రైండరు వైరు అలమర తలుపు సందులో పడి నలిగి, అంగుళం మేర పైతోలు విచ్చుకుంది. మా ఆయన నల్లటేపు తెచ్చి నాలుగు చుట్లు చుట్టి, పంటితో కొరికి తెంపి, బొటనవేలితో నొక్కేశారు. అర నిమిషం పట్టిందేమో. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఒక పని తీరిపోయిందని సంతోషించాను కూడా. అది తమిళుల ఆడి మాసం, అంటే జూలై, ఆగస్టు రోజులు.

ఐప్పసిలో, అంటే అక్టోబరు, నవంబరుల్లో వానలు పట్టాక మొదలైంది. మా ఇంట్లో పనికి వచ్చే అక్కది వ్యాసర్పాడి. తాతల కాలంలోనే ఇక్కడికి వచ్చేసిన తెలుగువాళ్ళు. "అమ్మా, గ్రైండరు పట్టుకుంటే జివ్వుమంటా ఉంది" అంది ఒక శనివారం. తడి చేత్తో ముట్టుకోకక్కా అన్నాను. ఆమె పనంతా తడిలోనే అన్న సంగతి నాకు తట్టలేదు. పై వారం మళ్ళీ అంది. ఈసారి మా ఆయన వచ్చి గ్రైండరు మీద చెయ్యి వేసి చూసి, "నాకేం కొట్టట్లేదే" అన్నారు. ఆయన కాళ్ళకు రబ్బరు చెప్పులున్నాయి, ఆ పూట నేల పొడిగా ఉంది. టెస్టరు పెడితే లోపలి బల్బు సన్నగా వెలిగింది. ఇండక్షన్, అంటే పక్క తీగల నుంచి తగలకుండానే వచ్చే కొద్దిపాటి కరెంటు, అయ్యుంటుందిలే అనుకున్నాం. టెస్టరు మసకగా వెలిగితే చాలు, ఇళ్ళల్లో అందరూ అనేసే మాటే అది.

మూడో వారం పిండి తీస్తుండగా ఆమె చెయ్యి ఒక్కసారిగా వెనక్కి ఎగిరింది. గిన్నె జారి పిండంతా నేలపాలైంది. ఆమె గోడకు ఆనుకుని కూలబడిపోయింది. నేను ప్లగ్గు పీకేసి, భుజం పట్టుకుని మంచినీళ్ళు తాగించాను. రెండు మూడు నిమిషాలు నోట మాట లేదు. తర్వాత లేచి ఆమె చేసిన మొదటి పని, నేల మీది పిండి ఎత్తడం. "పైపైన బాగానే ఉందమ్మా, తీసి పెడతాను" అంది. ఆసుపత్రికి తీసుకెళ్ళి ఈసీజీ తీయించాం, ఏమీ లేదన్నారు. అయినా ఆ పిండి ఎత్తుతున్న చేతులు గుర్తొస్తే నాకు ఇప్పటికీ కడుపులో దేవినట్టవుతుంది.

సాయంత్రం ఎలక్ట్రీషియన్ వచ్చాడు. అరవై దాటిన మనిషి. టెస్టరు బయటకే తీయలేదు. ప్లగ్గు ఊడి ఉందో లేదో చూసుకుని, బ్లేడుతో టేపును పొడుగ్గా కోసి విప్పాడు. జిగురు కరిగి గోధుమరంగు బంకలా సాగుతోంది. లోపల చెమ్మ. ముక్కుకు పులిసిన పిండి వాసన కొట్టింది. రుబ్బిన ప్రతిసారీ కడిగిన నీళ్ళు టేపు అంచుల్లోంచి లోపలికి దిగి, బయటికి ఆరే దారి లేక అక్కడే ఉండిపోయాయి. ఎర్రతీగ, అంటే కరెంటు తెచ్చే ఫేజు, తోలు గాటు పడి రాగి కనిపిస్తోంది, ఆ రాగి పచ్చబారింది. ఆకుపచ్చ తీగ, అంటే కారిన కరెంటును నేలలోకి పంపే ఎర్త్, పూర్తిగా తెగిపోయింది. గ్రైండరు వైపు మిగిలిన దాని మొన ఎర్రతీగ గాటుకు ఆనుకుని ఉంది.

"ఈ ఎర్తు ముక్క గ్రైండరు బాడీకి పోతుందమ్మా. ఇక్కడ తెగిపోయింది కాబట్టి గోడలోకి దారి లేదు. ఫేజు కరెంటు ఈ తడిలోంచి ఎర్తు ముక్క ఎక్కి బాడీకి వచ్చింది. మీరు బతకడానికి పెట్టిన తీగే ఆమెను కొట్టింది" అన్నాడు.

ఎర్త్ తెగినా గ్రైండరు తిరుగుతూనే ఉంటుంది. శబ్దం మారదు, వాసన రాదు. టేపు లేకుండా ఆ గాయం అలాగే కనబడుతూ ఉంటే మేం దాన్ని వాడేవాళ్ళమే కాదు. రాగి కనిపిస్తే చిన్నపిల్లలు కూడా దూరం జరుగుతారు. టేపు చుట్టి ఉంటే ఎవరో చూశారు, బాగుచేశారు అని నమ్మి పట్టుకుంటాం. ఆమె రెండుసార్లు చెప్పినా మేం వినకపోవడానికి కారణం కూడా అదే. "టేపు వేశాం కదా" అన్నది మా మనసులో గట్టిగా కూర్చుంది. అప్పుడు మాకు ఆమె మాట కన్నా ఆ నాలుగు చుట్ల మీదే నమ్మకం ఎక్కువ.

ఆ వైరు ముక్కను నేను పారేయలేదు. తర్వాతెప్పుడో భూతద్దం పెట్టి ఎర్రతీగలో పోగులు లెక్కపెట్టాను. మొత్తం 24. అందులో 5 తెగి ఉన్నాయి.

పైతోలు, లోతోలు

మనం వైరు తోలు ఊడింది అని ఒక్క మాటలో అనేస్తాం గానీ, అందులో రెండు తోళ్ళున్నాయి. పైన ఉండేది తొడుగు. రాపిడిని, తొక్కుడును, తడిని ఓర్చుకోవడం దాని పని. లోపల ఒక్కో తీగకు విడిగా ఉండే రంగు తోలు అసలు ఇన్సులేషన్. కరెంటును ఆపేది అదే. పైతోలు గీరుకుపోయి లోపలి రంగు తోళ్ళు చెక్కుచెదరకుండా ఉంటే టేపు పనికొస్తుంది. లోతోలు మీద గాటు పడిందంటే సంగతి వేరు. పోగులు తెగితే ఇంకా వేరు. పైనుంచి చూస్తే ఈ మూడూ ఒకేలా ఉంటాయి. నా తగాదా అంతా ఇక్కడే. విచ్చుకున్న చోట వైరును కొద్దిగా వంచి, వెలుతురులో లోపలికి చూడకుండా టేపు చుడితే, చుట్టినవాడికి కూడా తను దేన్ని మూశాడో తెలియదు.

ఓల్టుల లెక్క మాత్రమే తీసుకుంటే టేపుకు వంక పెట్టలేం. మామూలు నల్లటేపు, అంటే పీవీసీ ప్లాస్టిక్కు టేపు, మందం మిల్లీమీటరులో ఎనిమిదో వంతే అయినా, పొడిగా, శుభ్రంగా ఉన్నంతసేపు ఒక్క పొర మన ఇంటి 230 ఓల్టులను తేలిగ్గా ఆపుతుంది. చేతగానిది మిగతా పని. తొడుగు మందం దాదాపు మిల్లీమీటరు. ఆ మందాన్ని నాలుగు చుట్ల టేపు తిరిగి తేలేదు. నేల మీద ఈడ్చినా, కుర్చీ కాలు కింద పడినా ముందు చిరిగేది టేపే. నీళ్ళను ఆపడం దానికి రాదు. వేడికి దాని జిగురు కరిగిపోతుంది. మామూలు పీవీసీ వైరే 70 డిగ్రీల వరకు అని లెక్క. ఇస్త్రీపెట్టె వైరుకు గుడ్డ అల్లిక ఎందుకు ఉంటుందో గమనించారా? కాలిన అడుగుభాగం తగిలితే పీవీసీ కరుగుతుంది, నూలు కొంత ఓర్చుకుంటుంది. దానికి కూడా నల్లటేపు చుట్టి వాడే ఇళ్ళు నేను చాలా చూశాను. వారం తిరిగేసరికి ఆ జిగురు చీర మీదికి వస్తుంది.

తెగిన పోగులను టేపు అతకదు అన్నది చెప్పుకోవలసిన పని లేనంత తేలిక మాట. కానీ మరిచిపోతాం. 2000 వాట్ల గీజరు దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. దాని వైరులో సగం పోగులు తెగి ఉంటే ఆ ఒక్క చోట మిగతా సగం మొత్తం భారం మోయాలి. అక్కడ వేడి పుడుతుంది. టేపు ఆ వేడికి దుప్పటి కప్పినట్టు అవుతుంది.

ఇక చుట్టే పద్ధతి. ప్లగ్గు పూర్తిగా పీకాలి. స్విచ్చి కట్టేస్తే చాలదు, పాత ఇళ్ళల్లో కొన్ని స్విచ్చులు ఫేజులో కాక న్యూట్రల్‌లో, అంటే కరెంటు తిరిగి వెళ్ళే తీగలో, ఉంటాయి. వైరు మీది జిడ్డు, దుమ్ము స్పిరిటుతో తుడవాలి. గాయానికి రెండు అంగుళాల ఇవతల మొదలుపెట్టి, ప్రతి చుట్టు ముందు చుట్టులో సగాన్ని కప్పేలా, టేపును కొంచెం లాగి పట్టుకుంటూ అవతలికి రెండు అంగుళాలు పోయి, మళ్ళీ వెనక్కి రావాలి. చివరి చుట్టు మాత్రం లాగకుండా వదులుగా అంటించి కత్తెరతో కోయాలి. లాగి అంటించినా, పంటితో కొరికినా ఆ కొస సాగి ఉంటుంది. తన పాత పొడుగుకు వెళ్ళాలని చూస్తుంది, నాలుగు రోజుల్లో లేచిపోతుంది. మన ఇళ్ళల్లో టేపు కొసలన్నీ చెవుల్లా లేచి దుమ్ము పట్టి ఉండేది ఇందుకే. ఇదంతా నాకు ఆ ఎలక్ట్రీషియన్ పెద్దాయన చేసి చూపించాడు. పది నిమిషాలు పట్టింది.

అన్నయ్య జాయింటు

ఇప్పుడు అన్నయ్య ప్రశ్నకు వస్తాను. ముప్పై ఏళ్ళు టేపు జాయింట్లతో తోట నడిపాడు, ఎవరికీ ఏమీ కాలేదు. ఇది నిజం. దీన్ని పక్కన పెట్టి నేను ముందుకు పోలేను. గ్రైండరు దగ్గర నీళ్ళు తగిలితేనే అంత ప్రమాదం జరిగితే, బోరులో వందల అడుగుల లోతున నీళ్ళల్లో మునిగి ఉండే జాయింటు ఎలా బతుకుతుంది?

పెళ్ళికి ముందు ఒక వేసవిలో మోటారు దించుతుంటే నేను గట్టు మీద కూర్చుని చూశాను. అది బాగా గుర్తుంది. మెకానిక్కు ఫ్లాటు కేబులులోని మూడు తీగలను ఒకే పొడుగున కోయలేదు. ఒకటి పొట్టిగా, ఒకటి పొడుగ్గా, ఇంకొకటి మధ్యరకంగా కోశాడు. అలా అయితే మూడు జాయింట్లూ పక్కపక్కన పడవు. తోళ్ళను గరుకు కాగితంతో రుద్దాడు. రాగిని మెలేసి గొట్టం తొడిగి నొక్కాడు. ఆ తర్వాత రబ్బరు టేపు. అది మన నల్లటేపు కాదు, దానికి జిగురుండదు. సాగదీసి చుడితే పొర మీద పొర కరుచుకుని కొంతసేపటికి ఒకే ముద్దగా మారిపోతుంది. దాని మీద కాపలాకి పీవీసీ టేపు. అంతా అయ్యాక జాయింటును నీళ్ళ బకెట్లో ముంచి, భోజనం చేసి వచ్చి, మెగ్గరు, అంటే ఇన్సులేషన్ గట్టిగా ఉందో లేదో చూపే మీటరు, పెట్టి చూశాడు. అప్పుడు గానీ బోరులోకి దించలేదు. అన్నయ్య పక్కనే ఉండి ఒక్కొక్క మెట్టూ చూశాడు.

ఆ జాయింటుకు మధ్యాహ్నమంతా పట్టింది. మా గ్రైండరుకు అర నిమిషం. రెంటినీ టేపు వేయడం అనే అంటున్నాం. అన్నయ్య ముప్పై ఏళ్ళ నమ్మకం ఆ మధ్యాహ్నం మీద నిలబడి ఉంది. కానీ మా హాల్లో అతను చేయబోయింది మాత్రం అర నిమిషం పని. బోరులోకి దించిన కేబులును ఎవరూ తొక్కరు, మడవరు, తడి చేత్తో పట్టుకోరు అన్న తేడా కూడా ఉంది. అయినా నేను ఒప్పుకోవాలి. టేపు మీద నేను మోపిన నేరం టేపుది కాదు. ఇంట్లోంచి దాన్ని వెళ్ళగొట్టి నేనేదో బాగుచేశాననుకోవడం తప్పు.

ఇంకో మాట దగ్గర కూడా నేను తడబడ్డాను. వైరు మార్చెయ్యండి అనడం నాలాంటివాళ్ళకు తేలిక. ఆ సంఘటన తర్వాత ఒకసారి మా ఇంట్లో పనికి వచ్చే అక్క వాళ్ళింటికి వెళ్ళాను. ఫ్యాను వైరుకు ఐదు చోట్ల టేపు. నేను దానివైపు చూడడం ఆమె చూసింది. "మార్చాలమ్మా, ఈ నెల బళ్ళో ఫీజు కట్టాను" అంది. ఆమెకు ఏం చెప్పను? భయపడమని చెప్పనా? ఆమెకు భయమంటే ఏమిటో నాకన్నా బాగా తెలుసు. ఆ రోజు ఆ పెద్దాయన్నే పిలిచి అడిగాను. ఆయన వైరంతా చేత్తో తడుముకుంటూ పోయి, దెబ్బలన్నీ ప్లగ్గు నుంచి మూరెడు లోపలే ఉన్నాయని చూపించాడు. ఎక్కువ వైర్లు ఇలాగే చెడతాయట. లాగేది, వంగేది ప్లగ్గు మెడ దగ్గరో, వస్తువులోకి దూరే చోటో కదా. అంతవరకు కోసి పారేసి, మూడు తీగలూ ఒలిచి, కొత్త ప్లగ్గు బిగించాడు. వైరు మూరెడు పొట్టిదైంది, అంతే. ఒక్క టేపు లేదు. ఖర్చు ఒక ప్లగ్గు. కొత్త వైరా, టేపా అని మేం కొట్టుకుంటున్న చోట మూడో దారి ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. మా అన్నయ్య పడుకోబోయిన ఫ్యాను వైరు కూడా మర్నాడు చూస్తే ప్లగ్గుకు జానెడు దూరంలోనే చిట్లింది. మూడొందలు ఖర్చు కాలేదన్నయ్యా, నలభై రూపాయల ప్లగ్గుతో పోయింది. ఇద్దరం తప్పే మాట్లాడుకున్నాం.

వైరు నట్టనడుమ దెబ్బ తగిలితే ఇలా కోయలేం. పైతోలు వరకే అయితే పద్ధతిగా టేపు, లేదా వేడికి ముడుచుకునే స్లీవు. ఎలక్ట్రానిక్సు కొట్లుండే రిచీ స్ట్రీట్‌లో మీటరు లెక్కన అమ్ముతారు. వైరు కన్నా కొంచెం లావున్నది తీసుకుని ప్లగ్గు విప్పి ఆ కొస నుంచి ఎక్కించాలి, వేడి గాలి తగిలితే బిగుసుకుంటుంది. టేపులా కొసలు లేవవు. లోతోలు పోయిందా, ఆ వైరు పని అయిపోయినట్టే. నేను ఇక్కడ మాత్రం బేరం ఆడను.

చుట్టే చెయ్యి, తాకే చెయ్యి

ఈ నెల రోజుల ఆలోచనలో నన్ను ఎక్కువగా పట్టుకున్నది సాంకేతిక విషయం కాదు. టేపు చాలని తేల్చే మనిషి, ఆ వైరును రోజూ తాకే మనిషి మన ఇళ్ళల్లో దాదాపుగా వేరు వేరు. మా ఇంట్లో చుట్టింది మా ఆయన, ఒప్పుకున్నది నేను, దెబ్బ తిన్నది అక్క. అద్దె ఇళ్ళల్లో ఓనరు చుట్టిస్తాడు, గీజరు కింద నిలబడేది అద్దెకున్నవాళ్ళు. ఆఫీసుల్లో మెయింటెనెన్సు వాళ్ళు చుట్టి పోతారు, ఫ్లోరు పాలిషింగు మిషను తోసుకుంటూ తడి నేల మీద తిరిగేది హౌస్‌కీపింగు అమ్మాయి. చుట్టేవాడు చెప్పులేసుకుని పొడి నేల మీద నిలబడి పరీక్షిస్తాడు. తాకేవాళ్ళు ఒట్టి కాళ్ళతో తడిలో ఉంటారు. అదే వైరు, అదే టేపు, కానీ ఇద్దరికీ అది ఒకే వస్తువు కాదు.

అందుకే ఇప్పుడు నా లెక్క ఇది. టేపు చుట్టిన వైరు బాగుందో లేదో చెప్పవలసింది దాన్ని తడి చేత్తో పట్టుకునే మనిషి. జివ్వుమంటోంది అని వాళ్ళు ఒక్కసారి అన్నారంటే టెస్టరు, చెప్పులు, ఇండక్షను అన్నీ పక్కన పెట్టి ప్లగ్గు పీకాలి. రెండోసారి చెప్పించుకోకూడదు. నేను చెప్పించుకున్నాను.

ఆర్‌సీసీబీ అనే, కరెంటు దారి తప్పి కారితే ఆపేసే స్విచ్చి సంగతి ఇక్కడే చెప్పాలి. మా పాత ఫ్లాటులో ఎంసీబీలు, అంటే లోడు మరీ ఎక్కువైతే పడిపోయే స్విచ్చులు, తప్ప అది లేదు. ఎంసీబీ ఉంటే షాకు కొట్టదని నేను చాలా ఏళ్ళు అనుకున్నాను. 16 ఆంపియర్ల ఎంసీబీ వైరు కాలిపోకుండా చూస్తుంది. మనిషికి అంత కరెంటు అక్కర్లేదు. తడి చెయ్యి, తడి కాలు అయితే శరీరం నిరోధం వెయ్యి ఓముల దాకా పడిపోవచ్చు. 230 ఓల్టులకు అది 230 మిల్లీఆంపియర్లు. ప్రాణం తీయడానికి చాలు, ఎంసీబీకి మాత్రం లెక్కలోకే రాదు. ఆర్‌సీసీబీ ఫేజులో వెళ్ళిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు సరిచూసుకుంటూ ఉంటుంది. 30 మిల్లీఆంపియర్ల తేడా వస్తే పట్టేస్తుంది, ఎర్త్ తెగి ఉన్నా సరే. ఆ నెలలోనే పెట్టించాం.

పెట్టించిన వారంలో రోజూ సాయంత్రం ట్రిప్ అయ్యేది. పాతదే నయమన్నారు మా ఆయన. కింది ఫ్లాటు వాళ్ళకూ ఇలాగే అయితే దాన్ని తప్పించి నేరుగా కలిపించేసుకున్నారట, మనమూ అలా చేద్దామా అన్న మాట కూడా వచ్చింది. నేను ఒప్పుకోలేదు. మూడు రోజులు ఒక్కొక్క ఎంసీబీ కట్టేస్తూ వెతికితే దొరికింది. బాల్కనీ లైటు వైరు. ఎప్పుడో, ఎవరో టేపు చుట్టారు. వానజల్లు పడ్డప్పుడల్లా, లైటు వేసినప్పుడల్లా అందులోంచి కరెంటు గోడలోకి కారుతోంది. మేం ఆ ఇంట్లోకి వచ్చాక ఆ వైరును ఎవరూ తాకలేదు. తాకి ఉంటే అన్న ఆలోచన వద్దు.

సంపు మోటారు

2017 నవంబరు 1న మా ఇంటికి దగ్గర్లోనే ఉన్న కొడుంగైయూరులో వాననీటిలో తెగిపడి ఉన్న కరెంటు తీగను తొక్కి ఇద్దరు ఆడపిల్లలు చనిపోయారు. ఒకరికి ఏడేళ్ళు, ఒకరికి తొమ్మిది. ఆ వార్త విన్నరోజు ఈ వీధుల్లో ఎవరూ సరిగా అన్నం తినలేదు. ఆ తర్వాత కొన్నాళ్ళు నీళ్ళు నిలిస్తే పిల్లల్ని బయటికి పంపలేదు. కానీ మా కాంపౌండులోకి వచ్చేసరికి మాకు ఆ జాగ్రత్త లేదు. వినాయక చవితి పందిరికి లైట్ల వైర్లు నేల మీదే పరుస్తాం, జాయింట్ల మీద టేపు, టేపు మీద ప్లాస్టిక్కు సంచి.

అంతకన్నా నన్ను కలవరపెట్టేది మా అపార్టుమెంటు సంపు మోటారు కేబులు. మోటారు గది నుంచి సంపు దాకా నేల మీదే పోతుంది. మూడు చోట్ల టేపు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫానుకు కాంపౌండులో మోకాళ్ళ దాకా నీళ్ళు నిలిచినప్పుడు ఆ మూడు జాయింట్లూ మునిగిపోయాయి. కరెంటు ఆపేశారు కాబట్టి సరిపోయింది. తిరిగి వచ్చిన రోజు, ఇంకా పాదాలు మునిగేంత నీళ్ళుండగానే, పై అంతస్తుల నుంచి నీళ్ళు రావట్లేదని కేకలు మొదలయ్యాయి. వాచ్‌మన్ తాత లుంగీ ఎగగట్టుకుని, ఒట్టి కాళ్ళతో ఆ నీళ్ళల్లో నడిచి వెళ్ళి మోటారు వేశాడు. ఆ కేకల్లో నా గొంతు కూడా ఉంది. ఏమీ కాలేదు. నీళ్ళు తగ్గాక కేబులు మీద ఇంకో చుట్టు టేపు వేశారు.

మొన్న అన్నయ్య ఫోన్ చేస్తే ఇదంతా చెప్పాను. బోరు జాయింటు మాట నేను ఒప్పుకునేసరికి కొంచెం మెత్తబడ్డాడు. సంపు కేబులు సంగతి చెప్పాక చాలాసేపు మాట్లాడలేదు. "మూడు జాయింట్లు నేల మీదా? తాతను పంపించినారా?" అన్నాడు. తర్వాత, "ముందు విప్పించు మే. లోపల ఎట్టుందో ఫొటో తీసి పంపు. గొట్టం తొడిగినారా, ఊరికే మెలేసినారా చూడాల" అన్నాడు.

మా ఇంటి సొరుగులో మళ్ళీ నల్లటేపు చుట్ట ఉంది. ఈసారి ఐఎస్ఐ గుర్తు చూసి కొన్నాను. పక్కన రబ్బరు టేపు, ఒక కత్తెర, రెండు ప్లగ్గులు. వచ్చే ఆదివారం అసోసియేషన్ మీటింగు. మోటారు గది నుంచి సంపు దాకా టేపుతోనే, బట్టలు కొలిచే టేపుతో, కొలిచాను. 18 మీటర్లు వచ్చింది. ఎక్కడా జాయింటు లేని ఒకే కేబులు, నేల మీద కాకుండా గోడ వెంట పైపులో. ధర కనుక్కుని కాగితం మీద రాసి పెట్టాను. తాతను కూడా మీటింగుకు రమ్మని చెప్పాను.